మంత్రాల లోకంలో తుపాకీ: దెబ్బ తగ్గించకండి, మోత పెంచండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (స్నేహితులు తలో పాత్రా తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్‌లో మంత్రాలూ, కూలిపోయిన అంతరిక్ష నౌకలూ కలిసిన లోకం ఒకటి నడపబోతున్నారు. అందులో తుపాకులు ఉండాలని మీ కోరిక. విలుకాడి పాత్ర ఆడే స్నేహితుడు "ఇక నా బాణాలెందుకు?" అంటున్నాడు. మాంత్రికురాలిగా ఆడే అమ్మాయేమో "నేను పదేళ్లు కూర్చుని నేర్చుకున్న విద్యని ఎవడో పది రోజుల్లో పట్టిన తుపాకీ కొట్టేస్తుందా?" అంటోంది. డామేజ్, అంటే ఒక దెబ్బకి పోయే పాయింట్లు, ఎంత పెడితే అందరికీ న్యాయంగా ఉంటుందో చెప్పమన్నారు.

ఇలాంటి ఆటలు హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. డామేజ్ అంకె ఎంత సవరించినా ఈ చిక్కు విడిపోదని గట్టిగా చెప్పగలను. ఆటగాడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టి "పేల్చనా, వద్దా" అని ఒక్క క్షణం ఆగుతున్నాడా లేదా, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఆగుతుంటే తుపాకీ ఎంత ప్రమాదకరమైనదైనా ఆట నిలబడుతుంది. ఆగకపోతే, డామేజ్ సగానికి తగ్గించినా అది గట్టిగా మోగే విల్లే అవుతుంది. అప్పుడు ఇక తుపాకీ పెట్టి లాభమేమిటి?

అయినా అంకెలు అడిగారు కాబట్టి ముందు వాటిని చూద్దాం. ఆట నడిపేవాళ్ల కోసం వచ్చిన 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో తుపాకులు మూడు అంచెలుగా ఉన్నాయి: పాతకాలపువి, ఈ కాలపువి, రాబోయే కాలానివి. మస్కెట్‌కి 1డి12 (పన్నెండు ముఖాల పాచిక ఒకటి, పడినంత డామేజ్), మామూలు దూరం 40 అడుగులు, కష్టం మీద 120. లాంగ్‌బోకి 1డి8, కానీ దూరం 150 అడుగులు, కష్టం మీద 600. పైగా మస్కెట్‌కి లోడింగ్ అడ్డు (ప్రతిసారీ మందు నింపుకోవాలన్న నియమం) ఉంది కాబట్టి యాక్షన్‌కి ఒక్క గుండే. ఐదో లెవెల్‌కి మీ విలుకాడికి రెండో దాడి వస్తుంది. డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్ 4 అనుకుంటే, రెండు బాణాలూ తగిలినప్పుడు సగటున 17, మస్కెట్ గుండు తగిలినప్పుడు 10.5. అంటే మొదటి అంచెలో మీ స్నేహితుడికి దిగులే అక్కర్లేదు. 2020లో వచ్చిన టాషా అనే అదనపు నియమాల పుస్తకంలోని గన్నర్ ఫీట్ (పాత్రకి అదనంగా ఎంచుకునే నైపుణ్యం) తీసుకున్నవాడికి మాత్రం లోడింగ్ అడ్డు పోతుంది, రెండు గుళ్లూ తగిలితే 21 అవుతుంది. ఆ ఫీట్ మీ టేబుల్ మీద ఉంటుందా ఉండదా అన్నది ఆట మొదలుకాకముందే చెప్పేయండి.

మూడో అంచెలో కథ మారిపోతుంది. లేజర్ రైఫిల్ 3డి8, యాంటీమాటర్ రైఫిల్ 6డి8, అంటే సగటున 27. ఫైర్‌బాల్ 8డి6, సగటున 28. ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్ధంలో అందరినీ కాలుస్తుంది, నిజమే. కానీ ఐదో లెవెల్ మాంత్రికురాలు దాన్ని రోజుకి రెండు మూడుసార్లకి మించి వేయలేదు. యాంటీమాటర్ రైఫిల్‌కి రెండు గుళ్ల తర్వాత సెల్ (బ్యాటరీ లాంటిది) మార్చుకుంటే చాలు. సెల్స్ బజార్లో దొరికే లోకమైతే ఆ అమ్మాయి బాధలో న్యాయముంది. నేను ఎక్కువగా నడిపేది మధ్య అంచె: రివాల్వర్ 2డి8, ఆరు గుళ్లు. బందిపోటుకి పుస్తకంలో ఇచ్చినవి 11 హిట్ పాయింట్లు, అవి అయిపోతే పడిపోతాడు. రివాల్వర్ ఒక్క గుండుతో వాణ్ని పడగొట్టనూవచ్చు, పడగొట్టకపోనూవచ్చు. ఆ అనుమానం నాకు కావాలి. లేజర్లు నా లోకంలో ఉన్నాయి గానీ ఒక్కొక్కదానికీ పేరుంటుంది, దాని వెనకాల ఒక కథ ఉంటుంది.

అంకెల్లో ఒక్క విషయం మాత్రం చేయకండి. తుపాకీకి కవచాన్ని దాటిపోయే శక్తి ఇవ్వకండి. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట మొదటి ఎడిషన్‌లో 2011లో వచ్చిన తుపాకుల నియమాలు ఈ పనే చేశాయి. దగ్గర దూరంలో గుండు టచ్ ఆర్మర్ క్లాస్‌ని (కవచాన్ని లెక్కలోకి తీసుకోని రక్షణ అంకె) దాటితే చాలు. పెద్ద డ్రాగన్‌కి పొలుసుల వల్ల ఆర్మర్ క్లాస్ ఆకాశంలో ఉంటుంది గానీ టచ్ అంకె చాలా తక్కువ. అందుకని ఎంత భయంకరమైన డ్రాగన్ అయితే గన్‌స్లింగర్ అనే తుపాకీ పాత్రకి అంత సులువైన గురి. రెండో ఎడిషన్‌కి వచ్చేసరికి ఆ పద్ధతి వదిలేశారు. 1990 నాటి రిఫ్ట్స్ అనే ఆట ఇంకో దారి తొక్కింది. అక్కడ ఒక మెగా డామేజ్ పాయింట్ నూరు మామూలు పాయింట్లతో సమానం. లోకం గొప్పగా ఉంటుంది, కానీ మెగా కవచం వేసుకోనివాడు యుద్ధంలో నిలబడలేడు. గుంపులో ఒకరికి కవచం ఉండి ఇంకొకరికి లేకపోతే ఆ రెండో మనిషి ఆ సాయంత్రమంతా ఊరికే కూర్చోవలసిందే.

ఇక హిట్ పాయింట్ల గొడవ. అరవై పాయింట్లున్న యోధుడి కణతకి రివాల్వర్ ఆనించి "కదిలావంటే" అంటే అతను లెక్క వేసుకుని నవ్వుతాడు, ఎందుకంటే 2డి8 అతన్ని ఏమీ చేయలేదు. సినిమాలో అందరూ ఊపిరి బిగబట్టే ఘట్టం మీ టేబుల్ మీద నీరుగారిపోతుంది. దీనికి నా దగ్గర రెండు మందులున్నాయి. హిట్ పాయింట్లంటే శరీరం మాత్రమే కాదని, అదృష్టమూ బతకాలన్న పట్టుదలా కూడా అందులో ఉన్నాయని పుస్తకమే చెబుతుంది. కాబట్టి సగం పాయింట్లు పోయేదాకా గుండు తగిలిందని నేను చెప్పను. చెవి పక్కనుంచి దూసుకుపోయింది, భుజం మీద గుడ్డ చిరిగింది, గోడ పెళ్ల రాలి కంట్లో పడింది, అంటాను. రెండోది, అదే గైడ్‌లో ఐచ్ఛికంగా ఉన్న మాసివ్ డామేజ్ నియమం. ఒక్క దెబ్బకి గరిష్ఠ హిట్ పాయింట్లలో సగం పోతే 15కి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహదారుఢ్యంతో తట్టుకోగలడా అని వేసే పాచిక) చేయాలి, తప్పితే కాసేపు తూలిపోవడమో, సున్నా హిట్ పాయింట్లకి పడిపోవడమో జరుగుతుంది. చేతులు కట్టేసి ఉన్నవాడి మీదో, చాటు లేకుండా ఆనించిన తుపాకీ ఎదుట ఉన్నవాడి మీదో పేలిన గుండుకి ఆ సేవ్ ఎప్పుడూ ఉంటుందని నేను ముందే ప్రకటిస్తాను. ఆ ఒక్క మాటతో బెదిరింపుకి బరువొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, మోత.

నా లోకంలో కరువు నేలలు, వాటి కింద ఎవరు కట్టారో తెలియని మెట్ల బావులు. బావి అడుగున ఇంకా తిరుగుతున్న యంత్రాలు, వాటికి దీపం పెట్టి మంత్రం చదివే పూజారులు. భూమి కింద, రాతి గదుల మధ్య ఒక్క రివాల్వర్ పేలితే ఏమవుతుందో ఆలోచించండి. నా నియమం చాలా చిన్నది. గుండు పేలిన వెంటనే ఆ అంతస్తులో ఉన్న ప్రతిదానికీ మీరెక్కడున్నారో తెలిసిపోతుంది, దగ్గరి గదిలోవి వచ్చే రౌండ్‌కల్లా బయల్దేరతాయి. విల్లుకి ఆ బాధ లేదు. ఈ ఒక్క నియమంతో విలుకాడి విలువ ఎక్కడికో వెళ్లిపోయింది. మొదటి కాపలావాణ్ని చప్పుడు లేకుండా పడగొట్టగలిగేది అతనొక్కడే. తుపాకీ ఉన్నవాడు అతని వైపు చూసి "నువ్వు కొట్టు, తప్పితే నేను పేలుస్తా" అంటాడు. మీ స్నేహితుడి ప్రశ్నకి అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మోతతో పాటు పొగ. పాతకాలపు నల్ల తుపాకీ మందుతో తుపాకులు పేలితే పొగ దట్టంగా కమ్ముతుంది. గాలాడని గదిలో రెండో గుండు తర్వాత ఆ గదంతా మసకగా లెక్క, నాలుగో గుండు తర్వాత అవతలి గోడ కనబడదు. మందు నింపే వేళ సంగతీ చెప్పుకోవాలి. బాగా తర్ఫీదైన 18వ శతాబ్దపు సిపాయి నిమిషానికి రెండు మూడు గుళ్లు పేల్చేవాడు. మన ఆటలో రౌండంటే ఆరు సెకన్లు, నిమిషానికి పది రౌండ్లు. నిజానికి కట్టుబడితే మస్కెట్ మూడు నుంచి ఐదు రౌండ్లకోసారి పేలాలి. అలా ఆడితే ఆ ఆటగాడు మిగతా రౌండ్లన్నీ "మందు కూరుతున్నా" అనడం తప్ప ఏం చేయడు, అది నాకు నచ్చదు. పుస్తకంలో ఉన్న వెసులుబాటే మేలు. నిజం కావాలంటే తుపాకీతో మొదటి గుండు పేల్చి తర్వాత కత్తి దూసే అలవాటు వాళ్లకి రానివ్వండి.

మంత్రాలకీ తుపాకులకీ మధ్య ఏం జరుగుతుందన్నది మాత్రం తీరిగ్గా కూర్చుని ముందే తేల్చుకోండి. ఆటగాళ్లు మొదటి సెషన్‌లోనే అడుగుతారు, అప్పటికప్పుడు ఇచ్చిన తీర్పు ఏడాది పాటు మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. విండ్ వాల్ అనే గాలి గోడ మంత్రం బాణాల్లాంటి మామూలు అస్త్రాలను పైకి తోసేస్తుందని పుస్తకంలో ఉంది. తూటా మామూలు అస్త్రమేనా? నా టేబుల్ మీద సీసపు గుండు అయినా, రివాల్వర్ తూటా అయినా పైకి పోతుంది. లేజర్ వెలుగు కాబట్టి పోదు. సైలెన్స్ మంత్రం వేసిన 20 అడుగుల వ్యాసార్ధపు వలయంలో నిలబడి పేలిస్తే బయటికి చప్పుడే రాదు. కానీ ఆ వలయంలో ఉన్నవాళ్లెవరూ నోటితో పలకవలసిన మంత్రం వేయలేరు. క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) ఆ మంత్రం వేసి పక్కన నిలబడి తను మాత్రం మూగగా ఉండాలి. ఒకరి బలం కోసం ఇంకొకరు తమ బలం వదులుకోవడం టేబుల్ మీద ఎంత మంచి చర్చ రేపుతుందో! క్రియేట్ ఆర్ డిస్ట్రాయ్ వాటర్ మొదటి లెవెల్ మంత్రం, 30 అడుగుల మేర వాన కురిపించి బయట ఉన్న మంటలు ఆర్పుతుంది. మండే వత్తితో పేలే తుపాకులు పట్టుకుని వరసగా నిలబడ్డ పటాలం ఎదురుగా ఉన్నప్పుడు ఆ చిన్న మంత్రం ముందు ఫైర్‌బాల్ ఎందుకూ పనికిరాదు. లోహాన్ని కాల్చే హీట్ మెటల్ మంత్రం తుపాకీ గొట్టం మీద వేస్తే? చేతులు కాలి, సేవ్ తప్పితే వదిలేయాలి, సరే. గుండు నింపి ఉంటే అది ఒకసారి తనంతట తానే పేలుతుందని నా తీర్పు, ఎటు పేలుతుందో పాచిక చెబుతుంది. మేజ్ హ్యాండ్ అనే మాయ చేతితో ట్రిగ్గర్ నొక్కడం దాడే కాబట్టి కుదరదు. మీ మాంత్రికురాలికి ఇవన్నీ ముందే వివరించండి. తుపాకులు వచ్చాక తన అవసరం తగ్గుతుందని అనుకుంటోంది, కానీ తుపాకీని పనిచేయకుండా చేయగల మనిషి ఆ లోకంలో మంత్రం తెలిసినవాళ్లే.

కనిపెట్టడం గురించి కూడా. నౌకలో దొరికిన లోహపు గొట్టాన్ని చూడగానే "లేజర్ పిస్టల్, 3డి6" అని చెప్పేస్తే ఆశ్చర్యమంతా అక్కడే పోతుంది. 1980లో అచ్చయిన గ్యారీ గైగాక్స్ సాహసం, ఎక్స్‌పెడిషన్ టు ది బ్యారియర్ పీక్స్‌లో, కూలిన నౌకలోని వస్తువుల్ని ఎలా వాడాలో కనుక్కోవడానికి దారులు గీసిన పటాలున్నాయి. ఒక పొరపాటు మెలికతో ఆయుధం పట్టుకున్నవాడి మీదే పేలొచ్చు. 2014 గైడ్‌లోనూ దీని చిన్న రూపం ఉంది. ఇంటెలిజెన్స్ చెక్‌తో ఆ వస్తువుని గుచ్చిగుచ్చి చూడాలి. రివాల్వర్ లాంటి సులువైనదానికి రెండు విజయాలు, కంప్యూటర్ లాంటి చిక్కుదానికి నాలుగు. పెద్ద విశ్రాంతి తీసుకోకముందే నాలుగుసార్లు ఓడితే వస్తువు పాడైపోవచ్చు. నేను దీన్ని వదలను. వస్తువుని ఆటగాళ్లు చూసినట్టే వర్ణించండి: వేళ్లకి సరిపోని పిడి, ఎక్కడా అతుకు లేని గొట్టం, పక్కన కొద్దిగా వెచ్చగా ఉన్న గాజు బిళ్ల.

తూటాల లెక్క ఎవరికీ ఇష్టం ఉండదు. ఒక్కొక్క తూటా కొట్టేస్తూ కూర్చోమంటే రెండో వారానికి మానేస్తారు. ది బ్లాక్ హ్యాక్ అనే చిన్న ఆటలోని యూసేజ్ డై నన్ను ఈ బాధనుంచి తప్పించింది. సంచిలో తూటాలు డి8 అనుకోండి. పోట్లాట అయ్యాక ఆ పాచిక వేయండి. ఒకటో రెండో పడితే అది డి6 అవుతుంది, తర్వాత డి4, ఆ తర్వాత సంచి ఖాళీ. తుపాకీలో ఉన్న ఆరు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టిస్తాను, ఎందుకంటే "ఇంకా ఒకటుందా?" అన్న ఉత్కంఠ అక్కడే పుడుతుంది. ఇరవై పాచిక మీద ఒకటి పడితే తుపాకీ జామ్ అనే నియమం చాలామంది పెడతారు. పెట్టకండి. పై లెవెల్ యోధుడు రౌండ్‌కి ఎక్కువసార్లు పేలుస్తాడు, కాబట్టి అతనికే ఎక్కువసార్లు జామ్ అవుతుంది. ఆరితేరినవాడికి కొత్తవాడికంటే ఎక్కువ తడబాటు రావడంలో అర్థం లేదు. ఆ నియమం నాటు తుపాకులకీ, బావి అడుగున తుప్పు పట్టి దొరికినవాటికీ చాలు.

మ్యాప్ గీసేటప్పుడు ఖాళీ గదులు గీయకండి. కత్తుల పోరుకి ఖాళీ నేల సరిపోతుంది. తుపాకులున్నప్పుడు ఖాళీ గదిలో ఎవరు ముందు పాచిక వేస్తే వాళ్లు గెలుస్తారు, అంతే. స్తంభాలు, విరిగిన విగ్రహాలు, తిరగబడ్డ బండ్లు, రెండో తలుపు, పైన వరండా పెట్టండి. సగం చాటుకి +2, ముప్పావు చాటుకి +5 అని మాటిమాటికీ గుర్తుచేయండి. చాటు పగిలిపోయేదై ఉంటే ఇంకా మంచిది, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోడు. 2014 నాటి షార్ప్‌షూటర్ ఫీట్ ఈ చాటుని పూర్తిగా కొట్టిపారేస్తుంది కాబట్టి తుపాకులకి ఆ భాగం వర్తించదని మా టేబుల్ మీద రాసుకున్నాం. చాటులోంచి తల ఎత్తనివ్వకుండా కాల్చడానికి ఐదో ఎడిషన్‌లో సరైన నియమం లేదు. అంతరిక్షంలో సాగే స్టార్‌ఫైండర్ అనే ఆటలో కవరింగ్ ఫైర్, హ్యారియింగ్ ఫైర్ అని రెండున్నాయి: 15 ఆర్మర్ క్లాస్‌ని కొట్టగలిగితే స్నేహితుడికి రక్షణలోనో దాడిలోనో +2. నేను వాటిని ఉన్నవున్నట్టు తెచ్చి పెట్టుకున్నాను, చక్కగా పనిచేస్తున్నాయి.

శత్రువుల చేతిలో ఏ ఆయుధం పెడితే అది నాలుగు రోజులు తిరక్కుండా మీ ఆటగాళ్ల నడుముకి వేలాడుతుంది. అందుకని ఆరుగురు దొంగల్లో ఒక్కడికే తుపాకీ. మిగతా ఐదుగురూ వాడి చుట్టూ తిరుగుతారు, ఆటగాళ్లూ వాడినే గురిపెడతారు, పోరుకి ఒక రూపం వస్తుంది. నలుగురికి లేజర్ పిస్టల్స్ ఇస్తే మూడో లెవెల్ మాంత్రికురాలు రెండు గుళ్లకే కూలిపోతుంది, ఆ తప్పు ఆమెది కాదు. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లో ఉన్న మొరేల్ చెక్‌ని (శత్రువుల ధైర్యం నిలుస్తుందా అని చూసే పాచిక) కూడా తెచ్చుకోండి. మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది పడినప్పుడు ఇంకోసారి, రెండు ఆరు ముఖాల పాచికలు. తుపాకీ మోత విన్న మనుషులు చివరిదాకా పోరాడరు. పారిపోతారు, చేతులెత్తుతారు, బేరమాడతారు. నా టేబుల్ మీద మంచి కథలు చాలావరకు ఆ బేరాల్లోంచే వచ్చాయి.

కొరత ఎలా పనిచేస్తుందో చూడాలంటే మన చరిత్రలోకే వెళ్లొచ్చు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకుల కోసం, తూటాల కోసం. తుపాకీ ఎక్కడుందో అందరికీ తెలుసు, అది కాపలాలో ఉంది, దాన్ని తెచ్చుకోవడమే ఒక సాహసం. ఆటలో కూడా తుపాకీని బజారు జాబితాలో ధర పక్కన రాసేకన్నా ఒక చోట, ఒకరి కాపలాలో పెట్టండి. ఊళ్లోకి తెచ్చుకుంటే ఏమవుతుందో కూడా చెప్పండి. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే అంతరిక్ష ఆటలో ప్రతి గ్రహానికీ లా లెవెల్ అని ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఏ ఆయుధం బయట పట్టుకు తిరగకూడదో ఆ జాబితా పెరుగుతుంది. నా లోకంలో ప్రతి కోట వాకిట్లోనూ ఆ అంకె నేను రాసుకుంటాను. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేనిదే తుపాకీ ముట్టుకోకూడని దేశంలో పెరిగిన ఆటగాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ద్వారం దగ్గర ఎవరి దగ్గర వదలాలి, ఎవరు దాచి తేవాలి అని వాళ్లే మొదలుపెడతారు.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ముఖ్యం. కత్తి ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు, తుపాకీ ఉండొచ్చు. ఉత్తర తెలంగాణలోనో, విశాఖ మన్యంలోనో పెరిగినవాళ్ల ఇళ్లల్లో కాల్పుల జ్ఞాపకాలుంటాయి. అటువైపుదో ఇటువైపుదో, ఎవరో పోయి ఉంటారు. అమెరికాలో ఉండి ఆన్‌లైన్‌లో మీతో ఆడే మనవాళ్లకి పిల్లల స్కూల్లో జరిగే డ్రిల్లులు మనసులో ఉంటాయి. ఆట మొదలుకాకముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి, గుంపులో అడిగితే చెప్పరు. జనం మీద కాల్పులు, పిల్లల మీదకి తుపాకీ, పట్టుకెళ్లి కాల్చేయడం, వీటిలో ఏవి అసలు రాకూడదో, ఏవి తెర వెనక జరిగిపోవచ్చో రాసుకోండి. టేబుల్ మధ్యలో ఎక్స్-కార్డ్ పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే కారణం అడక్కుండా ఆ ఘట్టం మార్చేయడమే నియమం.

మీరు పెట్టుకున్న ఆటకి ఐదో ఎడిషనే కావాలా అన్నది కూడా ఆలోచించండి. అందరి చేతిలోనూ తుపాకులుండే లోకమైతే 2017లో వచ్చిన స్టార్‌ఫైండర్ నయం, అందులో శక్తి ఆయుధాలకీ మామూలు దెబ్బలకీ వేర్వేరు ఆర్మర్ క్లాసులున్నాయి. దొరికిన ప్రతి యంత్రమూ ఒక వింతగా ఉండాలనుకుంటే న్యూమెనెరా అనే ఆట చూడండి. విల్లు, మంత్రం, అప్పుడప్పుడు ఒక తుపాకీ అనుకుంటే మీరున్న చోటే బాగుంది.

మొదటి సెషన్‌కి నేనైతే ఇలా చేస్తాను. మొత్తం గుంపుకి ఒక్క రివాల్వర్, అందులో నాలుగు గుళ్లు. అది ఎవరి దగ్గర ఉండాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. మెట్ల బావిలోకి దిగే దారిలో నిద్రపోతున్న కాపలావాడు ఒకడు, వాడి వెనక మూసి ఉన్న తలుపు, తలుపు అవతల ఎంతమంది ఉన్నారో వాళ్లకి తెలియదు. విలుకాడిని ముందు నడవనివ్వండి. తర్వాత ఏం జరిగిందో, మీ మాంత్రికురాలు ఏ మంత్రం ఎంచుకుందో వచ్చి ఇక్కడ రాయండి. మీ టేబుల్‌కి తగ్గట్టు అంకెలు కలిసి సరిచేద్దాం.